బ్లైండ్ బట్ట వంకరగా చుట్టుకుంటోందా, అంచులు చిరుగుతున్నాయా? ముందు పైపు చూడండి

కిటికీ బ్లైండ్‌లో ఏ తేడా వచ్చినా మనం ముందు బట్టనే అనుమానిస్తాం. అంచు పోగులు లేస్తే నాసిరకం అంటాం. వంకరగా చుట్టుకుంటే కోసిన మనిషే వంకరగా కోశాడంటాం. నేను విప్పి చూసిన బ్లైండ్లలో చాలావాటికి అసలు కారణం బట్టలో లేదు. బట్ట చుట్టుకునే పైపు మట్టంగా లేకపోవడమో, దాన్ని పట్టుకునే బ్రాకెట్ స్క్రూ వదులవ్వడమో, తడి ఆరకముందే పైకి చుట్టేయడమో ఉంటుంది. దాన్ని అలాగే వదిలేసి కొత్త బట్ట వేయిస్తే కొన్నాళ్లకి ఆ బట్టకీ అదే గతి.

ఒకసారి మా గదిలో బ్లైండ్ కుడి అంచు దువ్వెన పళ్లలా పోగులు లేచింది. కత్తెరతో నీట్‌గా కత్తిరించాను. మూడు వారాలకి మళ్లీ లేచింది. అప్పుడు స్టూలెక్కి బ్రాకెట్ లోపలి వైపు చూస్తే, బట్ట రంగులోనే సన్నటి నూగు పేరుకుని ఉంది. చుట్టిన ప్రతిసారీ అంచు అక్కడ రాసుకుంటోందన్నమాట. కొలిచి చూస్తే పైపు రెండు చివర్ల ఎత్తులో 3 మిల్లీమీటర్ల తేడా. అది సరిచేశాక ఆ అంచుకి మళ్లీ కత్తెర పెట్టాల్సిన అవసరం రాలేదు.

అందుకే మీరు కూడా ముందు పది నిమిషాలు ఊరికే చూడండి. బ్లైండ్‌ని పూర్తిగా కిందికి దించండి. తర్వాత నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆపుతూ పైకి చుట్టండి. బట్ట ఏ వైపుకి జరుగుతోంది, ఏ ఎత్తు నుంచి జరగడం మొదలైంది, ముడత ఎక్కడ పడుతోంది, కింది రాడ్ ఏ పక్కకి వాలింది, ఇవన్నీ చూసి ఒక ఫోటో తీసి పెట్టుకోండి. సరిచేశాక పోల్చుకోవడానికి పనికొస్తుంది.

విప్పే ముందు రెండు జాగ్రత్తలు. మోటారు బ్లైండ్ అయితే కరెంటు ఆపేయండి. స్ప్రింగ్ బ్లైండ్ అయితే పైపు చివర ఉండే చదునైన పిన్నుని పట్టుకునే బ్రాకెట్ నుంచి తీయండి. లోపల స్ప్రింగ్ బిగుసుకుని ఉంటుంది, ఆ పిన్నుని వదిలేస్తే అది గిర్రున తిరిగి వేళ్లకి తగులుతుంది.

బట్ట ఒక పక్కకి జరుగుతుంటే

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే సమస్య ఇదే. మిగతా చాలా సమస్యలు దీని నుంచే పుడతాయి కాబట్టి దీన్ని ఓపిగ్గా చేయండి.

1. బ్లైండ్‌ని కిందికి దించి, పైపు మీదే రసమట్టం పెట్టండి. పైపుని కప్పే పెట్టె మీదో, కిటికీ చట్రం మీదో పెట్టకండి. చట్రమే మట్టంగా ఉండకపోవచ్చు. రసమట్టం లేకపోతే ఫోన్‌లో మట్టం చూపించే యాప్ తెరిచి, ఫోన్ అంచుని పైపుకి ఆనించి చూడండి. ఒకసారి చూశాక ఫోన్‌ని తిప్పి పెట్టి మళ్లీ చూడండి. రెండుసార్లూ ఒకే లెక్క వస్తేనే నమ్మండి.

2. పైపు మట్టంగా లేకపోతే బ్రాకెట్ ఎక్కడ బిగించి ఉందో చూడండి. ఇక్కడ చాలామంది పొరబడతారు. బ్రాకెట్ పైకప్పుకో, చట్రం పై భాగానికో బిగించి ఉంటే, దానికీ పైకప్పుకీ మధ్య ప్యాకింగ్, అంటే సందు నింపే ముక్క, పెట్టిన కొద్దీ ఆ చివర కిందికి దిగుతుంది. కాబట్టి ప్యాకింగ్ పెట్టాల్సింది ఎత్తుగా ఉన్న చివర. గట్టి ప్లాస్టిక్ ముక్క ఏదైనా సరిపోతుంది. అట్టముక్క కొన్నాళ్లకి నలిగిపోతుంది. బ్రాకెట్ గోడకి ముందు వైపు నుంచి బిగించి ఉంటే మాత్రం ప్యాకింగ్ వల్ల ఎత్తు మారదు. స్క్రూలు వదులు చేసి, బ్రాకెట్‌కి ఉండే పొడవాటి రంధ్రంలో పైకో కిందికో జరపాలి. అందులో జరిగే చోటు లేకపోతే కొత్త రంధ్రం వేయక తప్పదు.

3. పైపు మట్టంగా ఉన్నా బట్ట జరుగుతూనే ఉందంటే, బట్ట పైపుకి కాస్త ఏటవాలుగా అతుక్కుని ఉండొచ్చు. అప్పుడు టేప్ చిట్కా పనిచేస్తుంది. బ్లైండ్‌ని పైపు బయటపడేదాకా దించండి. బట్ట ఏ వైపుకి జరుగుతోందో దానికి ఎదురు చివర, బట్ట అంచు వచ్చి చుట్టుకునే చోట, పైపు మీద 2, 3 సెంటీమీటర్ల మాస్కింగ్ టేప్ ముక్క అతికించండి. బట్ట ఎడమకి పోతుంటే టేప్ కుడి చివర అన్నమాట. టేప్ ఉన్న చివర పైపు వెంట్రుకవాసి లావవుతుంది. అక్కడ చుట్టు కాస్త పెద్దదై, బట్టని తన వైపుకి లాక్కుంటుంది.

4. ఒక్క పొర వేసి, పైదాకా చుట్టి చూడండి. చాలకపోతే రెండో పొర. ఒకేసారి నాలుగైదు పొరలు వేస్తే బట్ట రెండో వైపుకి పరిగెడుతుంది. పరిస్థితి ఇంకా చెడితే టేప్ తీసి రెండో చివర వేసి చూడండి. మూడు నాలుగు పొరలు వేసినా దారికి రాలేదంటే ఇక టేప్‌తో పని జరగదు, బట్టని విప్పి మళ్లీ అతికించాల్సిందే.

5. మళ్లీ అతికించే ముందు బట్టని శుభ్రమైన నేల మీద పరిచి, మూల నుంచి మూలకి రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉంటే కోత సరిగ్గానే ఉంది. తేడా ఉంటే పై అంచుని మూలమట్టం పెట్టి సరిచేసి కోయాలి. తర్వాత పైపు మీది పాత జిగురుని స్పిరిట్‌తో తుడిచి, పైపు పొడవునా తిన్నగా గీత గీసుకోండి. చాలా పైపులకి అలాంటి గాడి ముందే ఉంటుంది. ఆ గీత వెంట రెండు వైపులా అంటుకునే టేప్ వేసి, బట్టని మధ్య నుంచి మొదలుపెట్టి రెండు చివర్లకి నొక్కుతూ వెళ్లండి. ఒక చివర నుంచి మొదలుపెడితే రెండో చివరకి వచ్చేసరికి జరిగిపోతుంది.

బ్లైండ్ పూర్తిగా దిగినప్పుడు కూడా పైపు మీద కనీసం ఒక చుట్టు బట్ట మిగిలి ఉండాలి. ఆ చుట్టు లేకపోతే బట్ట, కింది రాడ్ బరువంతా జిగురు మీదే పడుతుంది. ఎండకి పైపు వేడెక్కి జిగురు మెత్తబడిన రోజున మొత్తం ఊడి కింద పడుతుంది. మీ బ్లైండ్ ఊడిపోయిందంటే కొత్త టేప్ కొనే ముందు ఈ చుట్టు సంగతి చూసుకోండి. చైన్ మీదుండే స్టాపర్‌ని కాస్త జరిపి, ఒక చుట్టు ముందే ఆగేలా చేస్తే చాలు. మోటారు బ్లైండ్ అయితే కింద ఆగే చోటుని మళ్లీ సెట్ చేయాలి.

అంచు పోగులు లేస్తే

రాపిడి ఎక్కడుందో కనిపెట్టి ఆపేశాకే అంచు జోలికి వెళ్లండి. లేచిన పోగుని చేత్తో లాగకండి. ఒక పోగు లాగితే నేత వెంట పైదాకా వచ్చేస్తుంది. పదునైన చిన్న కత్తెరతో బట్ట అంచుకి ఆనించి, ఒక్కో పోగునీ కోయండి. తర్వాత రంగులేని నెయిల్ పాలిష్‌ని బ్రష్ చివరతో అంచు మీద మాత్రమే సన్నగా రాయండి. ముందు పైన చుట్టులో దాగి ఉండే చోట ఒక చుక్క వేసి, మరక పడుతుందేమో చూడండి. పూర్తిగా ఆరేదాకా బ్లైండ్ చుట్టకండి, పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

నైలాన్ తాడు చివర కాల్చినట్టు బ్లైండ్ అంచుని అగ్గిపెట్టెతోనో లైటర్‌తోనో కాల్చడం మాత్రం వద్దు. ఎండ తగ్గించే స్క్రీన్ రకం బట్టల్లో చాలావాటికి పీవీసీ పూత ఉంటుంది. అది కాలితే హానికరమైన పొగ వస్తుంది. మామూలు పాలిస్టర్ అయితే మంట అంటుకునే ప్రమాదం ఉంది. కొన్ని స్క్రీన్ బట్టల్లో లోపలి పోగు ఫైబర్ గ్లాస్. దాన్ని కోసేటప్పుడు రాలే నూగు చర్మానికి దురద పెడుతుంది కాబట్టి చేతులకి గ్లోవ్స్ వేసుకోండి.

మధ్యలో వి ఆకారంలో ముడతలు పడితే

వెడల్పాటి కిటికీల్లో ఇది ఎక్కువ. బట్ట మీద రెండు వైపుల నుంచి మధ్యకి వాలినట్టు ముడతలు కనిపిస్తాయి. ఇస్త్రీ చేసినా పోవు, ఎందుకంటే అవి బట్టలో పుట్టినవి కావు. పైపు తన బరువుకీ, బట్ట బరువుకీ మధ్యలో కుంగుతోంది. పైపు కింద ఒక చివర నుంచి రెండో చివరకి దారం బిగించి పట్టుకుని చూడండి, మధ్యలో పైపు దారాన్ని కిందికి నొక్కుతుంటే అదే కారణం.

దీనికి మందు లావు పైపు. వెడల్పు కొలతకి తగ్గ పైపు వేయమని గట్టిగా అడగండి. లేదా ఒక పెద్ద బ్లైండ్‌కి బదులు పక్కపక్కనే రెండు చిన్నవి పెట్టుకోండి. కింది రాడ్ బరువు పెంచితే ముడతలు లాగేసినట్టు అవుతాయని కొందరు అంటారు. పైపు కుంగుతున్నప్పుడు అదనపు బరువు దాన్ని ఇంకా కుంగదీస్తుంది, ఆ పని చేయకండి.

పక్క అంచులు లోపలికి ముడుచుకుంటే

బట్ట మధ్యలో చదునుగానే ఉండి, రెండు పక్కలా అంచులు దోసిలిలా వంగుతాయి. వెలుతురుని పూర్తిగా ఆపే బ్లాకవుట్ బట్టల్లో ఇది సహజం. ఒక వైపు నేత, ఇంకో వైపు పూత. వేడికీ తేమకీ రెండూ ఒకేలా సాగవు, ఒకేలా కుదించుకోవు. కొన్ని రోజులు పూర్తిగా దించి ఉంచితే కొంత తగ్గుతుంది. బట్ట ఇంకా కొత్తదైతే చుట్టే దిశ మార్చి, అంటే పైపు వెనక నుంచి దిగేదాన్ని ముందు నుంచి దిగేలా పెట్టి చూడొచ్చు. మొత్తంగా పోతుందని ఆశ పెట్టుకోవద్దు. పడకగదిలో పక్కల నుంచి వెలుతురు రావడం మీ బాధ అయితే, కిటికీకి రెండు పక్కలా అంచుని లోపల ఇరికించి పట్టుకునే సైడ్ చానళ్లు వేయించుకోవడమే నికరమైన దారి.

ప్యాకింగ్ మడతలు, నలిగిన గీతలు

కొత్త బ్లైండ్ మీద ఉండే గీతలకి తొందరపడి ఏమీ చేయకండి. మూడు నాలుగు రోజులు పూర్తిగా దించి వదిలేయండి. కింది రాడ్ బరువుకే చాలా గీతలు సాగిపోతాయి. ఇంకా మిగిలితే హెయిర్ డ్రయ్యర్‌ని తక్కువ వేడిలో పెట్టి, ఒక జానెడు దూరం నుంచి, ఒకే చోట ఆపకుండా ఆడిస్తూ వెనక వైపు నుంచి వేడి తగిలించండి. రెండో చేత్తో బట్టని మెల్లగా కిందికి సాపు చేయండి. పూత ఉన్న బట్ట మీద ఇస్త్రీ పెట్టె పెట్టకండి, పూత కరిగి పెట్టెకి అంటుకుంటుంది. ఫైబర్ గ్లాస్ బట్టకి గట్టి మడత పడిందంటే లోపలి పోగులు విరిగినట్టే, ఆ గీత ఇక పోదు. అందుకే ఆ రకం బట్టని ఎప్పుడు దాచినా చుట్టి దాచండి, మడిచి కాదు.

బ్లాకవుట్‌లో సూది మొనల్లా వెలుతురు కనిపిస్తే

మధ్యాహ్నం గది చీకటి చేసి చూస్తే బట్టలో చిన్నచిన్న చుక్కలుగా వెలుతురు కనిపిస్తుంది. పూత అక్కడక్కడా రాలిందన్నమాట. కింది రాడ్ కుట్టు దగ్గర సూది రంధ్రాలైతే అవి మొదటి నుంచీ ఉన్నవే, వదిలేయండి. మిగతా చోట్ల అయితే చుక్క ఉన్నచోట వెనక వైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, బ్లైండ్ దించి, కిటికీ వైపు నుంచి అదే రంగు బ్లాకవుట్ లైనింగ్ ముక్కని పల్చని ఫ్యాబ్రిక్ జిగురుతో అతికించండి. ముక్క మూలలు గుండ్రంగా కోస్తే చుట్టుకునేటప్పుడు లేవవు.

బ్లైండ్ కొన్ని నెలలు చుట్టే ఉండి, ఒక రోజు దించితే పొరలు అంటుకుని చర్రుమని చప్పుడు చేస్తూ ఊడుతుంటే వెంటనే ఆపండి. వేడికి పూత మెత్తబడి అతుక్కుంది. గట్టిగా లాగితే పూత ఒలిచినట్టు వచ్చేస్తుంది. గది చల్లబడ్డాక, తెల్లవారుజామునో రాత్రో, కొంచెం కొంచెంగా దించండి. తర్వాత రోజుకి ఒక్కసారైనా దించి ఎత్తడం అలవాటు చేసుకోండి.

మరకలు, బూజు

వారానికో, రెండు వారాలకో ఒకసారి మెత్తటి బ్రష్ తగిలించిన వాక్యూమ్ క్లీనర్‌తో పై నుంచి కిందికి దుమ్ము లాగేయండి. దుమ్ము ఉండగా తడిగుడ్డ పెడితే అది బురదై నేతలోకి దిగుతుంది. నేను చూసిన మరకల్లో చాలా భాగం ఇలా తుడవడం వల్ల వచ్చినవే.

మరకకి గోరువెచ్చటి నీళ్లలో కొద్దిగా మైల్డ్ సబ్బు కలిపి, తెల్లటి గుడ్డ ముంచి బాగా పిండి, మరక మీద అద్దండి. రుద్దితే మరక చుట్టూ వలయం పడుతుంది, పూత కూడా అరుగుతుంది. వెనక వైపు ఇంకో పొడిగుడ్డ ఆనించి పట్టుకుంటే తడి దానిలోకి దిగుతుంది. తర్వాత మంచినీళ్లలో పిండిన గుడ్డతో మళ్లీ అద్ది సబ్బు తీసేయండి, లేకపోతే ఆ జిగటకి దుమ్ము ఇంకా ఎక్కువ పడుతుంది. వంటగది బ్లైండ్‌కి పట్టిన జిడ్డు ఒకసారికి వదలదు. గాఢమైన ద్రావణంతో ఒకేసారి దులిపేద్దామనుకోకుండా, రెండు మూడు రోజులు ఇదే పద్ధతిలో చేయండి.

అన్నిటికంటే ముఖ్యం ఆరబెట్టడం. పూర్తిగా దించి, కిటికీ తెరిచి, వేలు పెడితే చల్లదనం తగలనంత వరకు ఆరనివ్వండి. తడి బట్టని చుట్టారంటే లోపల బూజు పట్టడం ఖాయం.

బూజు చుక్కలు ఇప్పటికే కనిపిస్తే బ్లైండ్‌ని బయటికి తీసుకెళ్లి, మాస్క్ పెట్టుకుని, పొడి బ్రష్‌తో దులపండి. ఆ తర్వాతే సబ్బునీళ్లు. రంగు బట్టల మీద బ్లీచ్ వాడకండి, తెల్ల మచ్చలు పడతాయి. ఏ బట్ట మీదైనా సరే బ్లీచ్‌ని వెనిగర్‌తో గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ కలపకండి, ప్రాణం మీదికి తెచ్చే విషవాయువు పుడుతుంది. పూత లోపలికి దిగిన నల్ల చుక్కలు సాధారణంగా పోవు. మళ్లీ రాకుండా ఉండాలంటే తేమ ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. గాజు మీద నీటి తుంపర పట్టి కారుతుంటే, బ్లైండ్ కింది అంచు కిటికీ గట్టుకి తగలకుండా ఒక సెంటీమీటరు పైన ఆగేలా పెట్టండి.

హనీకోంబ్, మడతల బ్లైండ్లు

హనీకోంబ్ అంటే బట్ట తేనెపట్టులా చిన్నచిన్న గదులుగా ఉండే బ్లైండ్. కొత్తవాళ్లు ఎక్కువగా టెన్షన్ పడేది, పై మడతలు బాగా విచ్చుకుని, కింది మడతలు దగ్గరగా ఉన్నాయని. అది లోపం కాదు. పై మడత మీద మొత్తం బట్ట బరువు వేలాడుతుంది, కింది మడత మీద దాదాపు ఏమీ ఉండదు. పొడవైన కిటికీల్లో ఈ తేడా ఇంకా కనిపిస్తుంది.

మడతలు మొత్తానికే సాగిపోయి చదునైతే, బ్లైండ్‌ని సగం ఎత్తి, ప్రతి మడతనీ రెండు వేళ్లతో పాత గీత మీదే నొక్కుతూ పైకి రండి. తర్వాత పూర్తిగా ఎత్తి ఒకటి రెండు రోజులు కదపకండి. హనీకోంబ్ బట్ట గదుల్లో చిక్కుకున్న పురుగులకీ దుమ్ముకీ హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి చాలు, ఒక పక్క నుంచి ఊదితే ఇంకో పక్క నుంచి బయటపడతాయి.

రోమన్ బ్లైండ్లు

ఇవి చుట్టుకోవు, వెనక రింగుల్లోంచి వెళ్లే తాళ్లు లాగితే మడతలు మడతలుగా పైకి లేస్తాయి. మడతలు ఒకటి లావుగా, ఒకటి సన్నగా పడుతుంటే వెనక వైపు తిప్పి చూడండి. ఏదో ఒక రింగు ఊడి ఉంటుంది, లేదా ఒక తాడు మిగతావాటికంటే పొట్టిదై ఉంటుంది. తాళ్లన్నీ సమానం చేసి, బ్లైండ్‌ని పైకెత్తి, మడతలు చేత్తో సర్ది, మెత్తటి గుడ్డ పీలికలతో రెండు మూడు చోట్ల వదులుగా కట్టి రెండు రోజులు ఉంచండి. బట్టకి ఆ మడత అలవాటవుతుంది.

నూలు, నార బట్టలతో కుట్టిన రోమన్ బ్లైండ్‌ని వాషింగ్ మెషీన్‌లో వేయకండి. ముందు బట్ట, వెనక లైనింగ్ వేర్వేరుగా కుంచించుకుపోయి మొత్తం ముడతలు తేలుతుంది. అప్పటికే అలా అయితే పక్క కుట్టు విప్పి, లైనింగ్‌ని వదులు చేసి మళ్లీ కుట్టించడం తప్ప వేరే దారి లేదు. నార బట్ట గాలిలో తేమని బట్టి పొడవు కాస్త పెరుగుతుంది, తగ్గుతుంది కూడా. వానరోజుల్లో కింది అంచు గట్టుని తాకిందని కోసేయకండి, ఎండ రాగానే పొట్టిదైపోతుంది.

ఇక జీబ్రా బ్లైండ్లు, అంటే పల్చటి, మందపాటి చారలు ఒకదాని తర్వాత ఒకటి ఉండే బట్ట రెండు పొరలుగా దిగేవి. వీటిలో చారలు కలవకపోతే ఒకసారి పూర్తిగా కిందికి దించి, మళ్లీ పైదాకా చుట్టండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. లూప్‌లో ఉండే కింది రాడ్ ఒక పక్కకి జరిగి ఉంటే దాన్ని మధ్యకి తోయండి.

బట్ట మార్చక తప్పనప్పుడు

కిటికీ వైపు రంగు వెలిసి, వేలితో నొక్కితే నేత పొడిపొడిగా విడిపోతుంటే ఎండకి పోగులు చచ్చుబడ్డాయి. దానికి ఏ జిగురూ ఏ కుట్టూ నిలవదు. పైపు, బ్రాకెట్లు, చైన్ బాగుంటే అవన్నీ ఉంచుకుని బట్ట ఒక్కటే మార్పించుకోవచ్చు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు కిటికీని కాదు, పాత బట్టనే విప్పి నేల మీద పరిచి, వెడల్పు మూడు చోట్ల కొలవండి. బట్ట పైపు వెనక నుంచి దిగాలా ముందు నుంచి దిగాలా, కింది రాడ్ ఏ రకం, చైన్ ఏ పక్క, ఇవి రాసివ్వండి. కొత్త బట్ట పాతదాని కంటే మందంగా ఉంటే చుట్టినప్పుడు లావు పెరిగి పెట్టెకో గోడకో రాసుకుంటుంది కాబట్టి, పాత బట్ట ముక్క ఒకటి కోసి చేతిలో పెట్టి పోల్చి చూడమనండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే, పని అయ్యాక చైన్‌ని గోడకి బిగించే క్లిప్ మళ్లీ పెట్టారో లేదో చూశాకే నిచ్చెన దించండి. వేలాడే చైన్ పిల్లల మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంది.